బ్రెడ్‌బోర్డు మీద నడిచిన బ్లూటూత్ మాడ్యూల్ సొంత పీసీబీ మీద ఎందుకు మొరాయిస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌ని ఏటీమెగా328 మైక్రోకంట్రోలర్‌కి కలిపి, ఫోన్ నుంచి రిలే (కరెంటుతో నడిచే స్విచ్) ద్వారా పంపు ఆన్, ఆఫ్ చేస్తున్నారు. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద నెల రోజులు చక్కగా నడిచింది. సొంత పీసీబీ (రాగి ట్రాకులున్న సర్క్యూట్ బోర్డు) చేయించాక రిలే పడ్డప్పుడల్లా కనెక్షన్ తెగిపోతోంది. డబ్బాలో బిగిస్తే మూడు మీటర్లు దాటి అందట్లేదు. ఇప్పటికే రెండు మాడ్యూళ్లు కాలిపోయాయి. తర్వాతి బోర్డు బ్యాటరీ మీద కూడా నడవాలి. మాడ్యూల్‌కి ఏ హానీ జరగకుండా సర్క్యూట్‌లో కలపడం ఎలా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. తప్పు మాడ్యూల్‌లో లేదు, మీ కోడ్‌లోనూ లేదు. మీరు పెట్టిన స్కీమాటిక్, లేఔట్ బొమ్మలు చూశాను. ఏటీమెగా టీఎక్స్ (డేటా పంపే) పిన్ నేరుగా మాడ్యూల్ ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్‌కి వెళ్తోంది, అంటే 3.3 వోల్టుల పిన్ మీద 5 వోల్టులు పడుతున్నాయి. రిలే కాయిల్, మాడ్యూల్ రెండూ ఒకే సన్నని ట్రాక్ నుంచి కరెంటు తాగుతున్నాయి. యాంటెన్నా బోర్డు నడిమధ్యలో ఉంది, దాని కింద గ్రౌండ్ రాగి పరిచి ఉంది. ఈ మూడూ సరిచేస్తే మీరు చెప్పిన మూడు బాధలూ చాలావరకు పోతాయి. బ్యాటరీ కోసం మాత్రం మాడ్యూలే మార్చాలి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట, కాలిపోవడం గురించి

ఇక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. బ్రెడ్‌బోర్డు మీద మీరు వాడింది, మాడ్యూల్‌ని ముందే బిగించి అమ్మే ఆరు పిన్నుల బ్రేకౌట్ బోర్డు. దాని మీద వోల్టేజీని 3.3కి దించి నిలిపే రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి వీసీసీకి (పవర్ పిన్‌కి) 5 వోల్టులు ఇచ్చినా తట్టుకుంటుంది. వెనక్కి తిప్పి చూడండి, పవర్ 3.6 నుంచి 6 వోల్టులు అని, లెవెల్ 3.3 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది. చాలామంది మొదటి లైను చదివి రెండోది వదిలేస్తారు. పవర్‌కి 5 వోల్టులు సరే, సిగ్నల్‌కి మాత్రం 3.3 మాత్రమే అని దాని అర్థం. పీసీబీ మీదికి వచ్చేసరికి అంచుల్లో గీతలున్న అసలు మాడ్యూల్ ఒక్కటే టంకం వేస్తాం. దానికి రెగ్యులేటర్ లేదు. వీసీసీకి కూడా 3.3 వోల్టులే ఇవ్వాలి. మీరు ఆ జాగ్రత్త తీసుకున్నారు, సంతోషం. ఆర్‌ఎక్స్ దగ్గరే జారారు.

'నెల రోజులు నడిచింది కదా' అంటారు. నడుస్తుంది. ఆ పిన్ లోపల వీసీసీ వైపు ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. పిన్ మీద 5 వోల్టులు పడితే అది తెరుచుకుని, అదనపు కరెంటుని 3.3 వోల్టుల లైన్‌లోకి తోసేస్తుంది. ఏటీమెగా అవుట్‌పుట్ పిన్‌కి లోపలి నిరోధం పాతిక ఓమ్‌లు అటూఇటూ. మధ్యలో వేరే రెసిస్టర్ లేకపోతే ఆ డయోడ్ గుండా పదుల మిల్లీ ఆంపియర్లు పారతాయి. స్టాటిక్ దెబ్బ తగిలినప్పుడు ఒక్క క్షణం కాచుకోవడానికి పెట్టిన డయోడ్ అది, రోజంతా బరువు మోయడానికి కాదు. పైగా మామూలు రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదు గానీ వెనక్కి తీసుకోలేదు. మాడ్యూల్ తక్కువ కరెంటు వాడుతున్న సమయంలో ఈ దొంగ కరెంటు మీ 3.3 వోల్టుల లైన్‌నే పైకి లేపుతుంది. ఆ లైన్ మీద ఇంకే చిప్ ఉన్నా దానికీ అదే గతి. అందుకే ఇలాంటి మాడ్యూల్ మొదటిరోజు చావదు, మూడో వారం చస్తుంది. అప్పటికి మనం అనుమానించేది వేరే దేన్నో.

మందు సులువే: టీఎక్స్ నుంచి ఆర్‌ఎక్స్‌కి 1 కిలో ఓమ్, ఆర్‌ఎక్స్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్‌లు. 5 వోల్టులు 3.33 అవుతాయి. ఇంటర్నెట్ అంతా ఇదే చెబుతుంది, తప్పు లేదు. కానీ సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హైలో (ఇక్కడ 5 వోల్టుల దగ్గర) ఉంటుందని గుర్తుపెట్టుకోండి. అంటే మీరు ఒక్క అక్షరం పంపకపోయినా ఈ రెండు రెసిస్టర్ల గుండా 1.67 మిల్లీ ఆంపియర్లు నిరంతరం కారిపోతూనే ఉంటాయి. అడాప్టర్ మీద నడిచేదానికి లెక్కలేదు. బ్యాటరీ పరికరంలో మాత్రం అది పెద్ద చిల్లు. 10, 20 కిలో ఓమ్‌లు పెడితే చిల్లు పదో వంతుకు తగ్గుతుంది, 9600 బాడ్‌కి (సెకనుకి 9600 బిట్లు) ఏ ఇబ్బందీ ఉండదు. అదే 921600 బాడ్‌లో పొడుగాటి వైరు మీద పెడితే, వైరు కెపాసిటెన్స్ వల్ల సిగ్నల్ అంచులు వాలిపోయి అక్షరాలు చెడతాయి. ఒక్క బిట్ నిడివే దాదాపు 1.1 మైక్రోసెకన్లు కదా. ఎక్కువ వేగానికి సరైన లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీని మార్చే చిప్) వాడండి.

తిరుగు దారి, అంటే మాడ్యూల్ టీఎక్స్ నుంచి ఏటీమెగా ఆర్‌ఎక్స్, నేరుగా కలపొచ్చు. 5 వోల్టుల ఏటీమెగా 3 వోల్టులు దాటితే హై అని గుర్తిస్తుంది. మీ దగ్గర 3.3 ఉంది. తేడా తక్కువే అయినా సరిపోతుంది. మధ్యలో 74హెచ్‌సీ తరహా చిప్ పెడితే మాత్రం దానికి 3.5 కావాలి, ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయదు. అక్కడ 74హెచ్‌సీటీ పెట్టండి. నా సలహా అడిగితే కొత్త బోర్డులో మైక్రోకంట్రోలర్‌నే 3.3 వోల్టుల మీద నడపండి. ఈ రెసిస్టర్ల గొడవంతా ఉండదు. అయితే 3.3 వోల్టుల మీద ఏటీమెగాని 16 మెగాహెర్ట్జ్‌లో నడపకూడదు, 8కి దించాలి.

పవర్ తీసేసినా బతికే మాడ్యూల్

పైదానికి కవల సమస్య ఇది. బ్యాటరీ బోర్డు చేస్తానన్నారు కాబట్టి చెప్పి తీరాలి.

కొన్నేళ్ల క్రితం ఒక చేతి పరికరం చేశాను. వాడనప్పుడు బ్లూటూత్ మాడ్యూల్ పవర్‌ని మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కట్ చేసే ఏర్పాటు. బల్ల మీద అంతా బాగానే ఉంది. ఒక రాత్రి గదిలో లైటు ఆర్పాక చూస్తే మాడ్యూల్ మీది ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటోంది. పవర్ లేదు కదా! మీటర్ పెట్టి చూస్తే వీసీసీ దగ్గర 2.6 వోల్టులు. ఎక్కడినుంచి? టీఎక్స్ లైన్ హైలో ఉంది, అదే రక్షణ డయోడ్ గుండా సిగ్నల్ పిన్ నుంచే మాడ్యూల్ పాలు తాగుతోంది. పూర్తిగా ఆగదు, పూర్తిగా లేవదు. మళ్లీ పవర్ ఇస్తే రీసెట్ కూడా సరిగా అవ్వక అలాగే బిగుసుకుపోయేది. నెలలు రావాల్సిన బ్యాటరీ నాలుగు రోజులకే ఎందుకు దిగిపోతోందో అప్పుడు తెలిసింది.

పవర్ కట్ చేసేముందు మాడ్యూల్‌కి వెళ్లే ప్రతి పిన్‌నీ కోడ్‌లో 'లో' (0 వోల్టుల) స్థితికి దించండి. టీఎక్స్, రీసెట్, ఎనేబుల్, ఏదీ మరవకండి. ఇన్‌పుట్‌గా మార్చినా సరే, పుల్-అప్ (పిన్‌ని హైకి లాగే రెసిస్టర్) మాత్రం ఉండకూడదు. సీరియల్ పోర్ట్‌ని కోడ్‌లో మూసేయకుండా పిన్ దించితే దిగదు, అది కూడా చూసుకోండి. ఇంకోటి, కట్ చేస్తే వీసీసీ వైపే కట్ చేయండి. గ్రౌండ్ వైపు ట్రాన్సిస్టర్ పెట్టి కట్ చేస్తే కరెంటు సిగ్నల్ వైర్ల గుండా ఇల్లు వెతుక్కుంటుంది.

రిలే పడితే కనెక్షన్ ఎందుకు తెగుతోంది

5 వోల్టుల చిన్న నీలం రిలే కాయిల్ దాదాపు 70 ఓమ్‌లు, అంటే 70 మిల్లీ ఆంపియర్లు. పెద్దదేం కాదు. కానీ మీ సన్నని ట్రాక్ మీద, మాడ్యూల్ రెగ్యులేటర్‌కి ముందే, ఆ కరెంటు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగుతోంది. ఆగినప్పుడు కాయిల్ ఎదురు తన్ను తంతుంది. మీ స్కీమాటిక్‌లో కాయిల్ మీద డయోడ్ ఉంది, మంచిదే, కానీ లేఔట్‌లో అది కాయిల్‌కి నాలుగు సెంటీమీటర్ల దూరాన ఉంది. కాయిల్ పిన్నుల పక్కకే జరపండి. రిలేకి పవర్, గ్రౌండ్ రెండూ సప్లై కనెక్టర్ నుంచే వేరుగా తీయండి. మాడ్యూల్ గ్రౌండ్ దారిలో రిలే కరెంటు నడవకూడదు, అంతే.

అసలు దోషి మాత్రం ఇంకొకటి అని నా అనుమానం. అది పంపు. రిలే కాంటాక్టులు విడిపోయేటప్పుడు మోటార్ వల్ల నిప్పురవ్వ వస్తుంది. ఆ రవ్వ చిన్నసైజు రేడియో ట్రాన్స్‌మిటరే. డీసీ మోటార్ అయితే దాని టెర్మినళ్ల మీదే 100 నానోఫారడ్ సిరామిక్, ఒక డయోడ్ టంకం వేయండి. మెయిన్స్ (గోడ ప్లగ్గు కరెంటు) మోటార్ అయితే కాంటాక్టుల మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (నిప్పురవ్వని అణిచే జోడీ). ఆ కెపాసిటర్ తప్పనిసరిగా ఎక్స్2 రకం (మెయిన్స్ మీద వాడటానికే చేసినది) అయి ఉండాలి. మామూలు కెపాసిటర్ పెడితే అది ఏదో ఒకరోజు షార్ట్ అవుతుంది. కారణం ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి పంపు తీసేసి వట్టి రిలేనే వందసార్లు టకటకలాడించండి. కనెక్షన్ తెగకపోతే దొంగ దొరికినట్టే.

ఇక మాడ్యూల్ దగ్గరి కెపాసిటర్లు. వీసీసీ పిన్ పక్కనే 100 నానోఫారడ్, దాని వెనక 10 మైక్రోఫారడ్. 'పక్కనే' అంటే రెండు, మూడు మిల్లీమీటర్లు. మీ బోర్డులో అవి రెగ్యులేటర్ దగ్గర వరసగా ముచ్చటగా నిలబడి ఉన్నాయి, మాడ్యూల్‌కి వాటివల్ల ఉపయోగం లేదు. అలాగని పెద్ద కెపాసిటర్ పెడితే బలహీనమైన సప్లై బలపడుతుందని అనుకోకండి. 100 మిల్లీ ఆంపియర్ల లోటుని ఒక మిల్లీసెకను పాటు, 0.1 వోల్టుకి మించి పడకుండా కాయాలంటే 1000 మైక్రోఫారడ్ కావాలి. లెక్క వేసి చూడండి. బ్లూటూత్ లోపలే ఉన్న ఈఎస్‌పీ32 లాంటి చిప్‌కి వెళ్లేట్టయితే సప్లై 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలని తయారీదారే రాసి పెట్టారు. 'బ్రౌన్‌అవుట్' (వోల్టేజీ పడిపోయింది) అని సీరియల్‌లో కనపడుతూ రీసెట్ అవుతుంటే కోడ్ తిరగేయకండి, సప్లై చూడండి. బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌ని కోడ్‌లో ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ఫైర్ అలారం గోల పెడుతోందని బ్యాటరీ పీకేయడం లాంటిది.

యాంటెన్నాకి ఖాళీ కావాలి

మాడ్యూల్ చివర వంకరటింకరగా ఉన్న రాగి గీత అలంకారం కాదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతుని మడతపెట్టి ఆ కాస్త జాగాలో ఇరికించారు. దాని కింద మీరు రాగి పరిస్తే దాని శ్రుతి తప్పుతుంది.

మాడ్యూల్‌ని బోర్డు అంచుకి తేండి. వీలైతే యాంటెన్నా భాగం బోర్డు బయటికి వేలాడేలా పెట్టండి. వేలాడదీయలేకపోతే ఆ భాగం కింద అన్ని లేయర్లలోనూ రాగి తీసేయండి. పైన తీసి కింద మరచిపోయిన బోర్డులు లెక్కలేనన్ని చూశాను, నాది కూడా ఒకటుంది. ఈఎస్‌పీ32 మాడ్యూళ్లకి చుట్టూ 15 మిల్లీమీటర్లు ఖాళీ వదలమంటారు, దాన్నే మీరూ పాటించండి. ఆ జాగాలోకి స్క్రూ, బ్యాటరీ, రిలే, డిస్‌ప్లే రిబ్బన్, ఏవీ రాకూడదు. బక్ కన్వర్టర్ (వోల్టేజీ దించే స్విచింగ్ సర్క్యూట్) ఉంటే దాని ఇండక్టర్‌ని యాంటెన్నాకి దూరంగా, బోర్డు అవతలి చివరికి తోసేయండి.

బోర్డు మీద అంతా సరిగ్గా చేశాక డబ్బా ముంచుతుంది. ఇనుప డబ్బా అయితే చెప్పక్కర్లేదు. నాకు తగిలింది ప్లాస్టిక్ డబ్బానే. నమూనా పరికరాలు హాలు ఆ మూల నుంచి ఈ మూలకి అందాయి. తుది పరికరాలు చెయ్యి చాచినంత దూరంలో తప్ప కనెక్ట్ అవ్వలేదు. బోర్డు అదే, డబ్బా అదే. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది: మూత మీద అతికించిన వెండిరంగు పేరు స్టిక్కర్ నిజంగానే లోహపు రేకు. అదీ సరిగ్గా యాంటెన్నా నెత్తిన. గోటితో చివర లేపి, సగం ఊడదీసేసరికి ఫోన్‌లో సిగ్నల్ అంకె కళ్లముందే పైకి పాకింది. మెటాలిక్ పెయింట్, కార్బన్ కలిపిన నల్ల ప్లాస్టిక్ కూడా ఇదే పని చేస్తాయి. మామూలు ప్లాస్టిక్ సైతం యాంటెన్నాకి తగిలేలా ఉంటే శ్రుతి కొంచెం దిగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి.

మీటర్లు కొలిచే బదులు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (ఫోన్‌కి అందే సిగ్నల్ బలం) అంకె చూడటం అలవాటు చేసుకోండి. డబ్బా లేకుండా ఒకసారి, డబ్బాతో ఒకసారి, ఫోన్‌ని ఒకే చోట పెట్టి. అడ్డంకుల్లేని చోట 6 డెసిబెల్స్ తగ్గితే దూరం సగమైనట్టు, 10 తగ్గితే మూడో వంతుకి పడ్డట్టు.

మెయిన్స్ ఉంటే ఇది చదవకుండా ముందుకు వెళ్లకండి

పంపు మెయిన్స్‌దా కాదా మీరు రాయలేదు. అయి ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో మెయిన్స్‌ని దించే చవక సప్లై జోలికి వెళ్లకండి. అందులో మీ సర్క్యూట్ గ్రౌండ్ మెయిన్స్ వైరుకే ముడిపడి ఉంటుంది. బ్లూటూత్‌కి వైరు ఉండదు కాబట్టి వాడేవాడికి షాక్ తగలదనే మాట కొంతవరకు నిజం. కానీ మీరు? కోడ్ ఎక్కించడానికి యూఎస్‌బీ కేబుల్ పెట్టిన క్షణం ఆ మెయిన్స్ మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. నా స్నేహితుడి ల్యాప్‌టాప్ ఇలాగే పోయింది, ప్రోగ్రామర్ చీలి రెండు ముక్కలైంది. మనిషికి ఏమీ కాలేదు, అదృష్టం. హై-లింక్ పీఎం01, పీఎం03 లాంటి ఐసొలేటెడ్ (మెయిన్స్‌తో నేరు వైరు సంబంధం లేని) సప్లై పెట్టండి, ముందు ఫ్యూజ్ వేయండి. మెయిన్స్ ట్రాక్‌లకీ, తక్కువ వోల్టేజీ ట్రాక్‌లకీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు, జాగా ఉంటే 8. రిలే కింద స్లాట్ కోయించండి. మెయిన్స్ ఉన్నప్పుడు సీరియల్ కేబుల్ తగిలించకూడదనే నియమం ఐసొలేషన్ ఉన్నా పాటించండి.

కనెక్షన్ తెగినప్పుడు పంపు ఏమవ్వాలి అనేది కూడా భద్రతే. ఫోన్ నుంచి రెండు సెకన్లకోసారి 'ఉన్నాను' అనే బైట్ రావాలి. ఐదు సెకన్లు రాకపోతే రిలే వదిలేయాలి. ఫోన్ లేకుండా పంపు నడవాల్సిన అవసరం ఉంటే, గరిష్ట సమయం బోర్డులోనే ఉండాలి, యాప్‌లో కాదు. రిలే ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్ పెట్టండి. రీసెట్ సమయంలో ఏటీమెగా పిన్నులు గాల్లో తేలుతాయి, ఆ కాసేపట్లో పంపు తనంతట తను లేవకూడదు.

బ్యాటరీ వెర్షన్‌కి

హెచ్‌సీ-05ని వదిలేయండి. అది క్లాసిక్ బ్లూటూత్, జత కోసం వెతికేటప్పుడు 30, 40 మిల్లీ ఆంపియర్లు తింటుంది. ఐఫోన్ యాప్‌లతో దానికి పొత్తు కుదరదు కూడా. ఎన్‌ఆర్‌ఎఫ్52 తరహా బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) మాడ్యూల్ తీసుకోండి. ప్రసారంలో కొన్ని మిల్లీ ఆంపియర్లు, నిద్రలో కొన్ని మైక్రో ఆంపియర్లు. రిలే ఉంది కాబట్టి మీకు లిథియం బ్యాటరీ కావాలి. దానికి ఏఎంఎస్1117 రెగ్యులేటర్ పనికిరాదు. అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ ఒక వోల్టుకి పైగా ఎక్కువ ఉండాలంటుంది, మీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే 4.2. పైగా ఊరికే కూర్చుని కొన్ని మిల్లీ ఆంపియర్లు మింగుతుంది. ఎంసీపీ1700 లాంటిది వాడితే ఆ తిండి 2 మైక్రో ఆంపియర్ల లోపే. రిలేని మాత్రం దాని మీద నడపకండి. టీపీ4056 చార్జర్ బోర్డు కొంటే దాని మీద 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్ చార్జింగ్. 150 మిల్లీ ఆంపియర్-అవర్ బుల్లి బ్యాటరీకి అంత ఎక్కిస్తే ఉబ్బుతుంది, అంటుకోనూ వచ్చు. 10 కిలో ఓమ్‌కి మార్చండి, 130 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది.

రిలే లేని వేరే సెన్సర్ ఏదైనా కాయిన్ సెల్ మీద నడపాలనిపిస్తే: సీఆర్2032 పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. 8 మిల్లీ ఆంపియర్లు 2 మిల్లీసెకన్ల పాటు లాగినప్పుడు పడిపోకుండా పక్కన 100 మైక్రోఫారడ్ పెడితే చాలు. లీకేజీ తక్కువ ఉన్న కెపాసిటర్ చూసుకోండి, లేకపోతే సెల్‌ని అదే తాగేస్తుంది.

ఎవరు కనెక్ట్ అవ్వొచ్చు

హెచ్‌సీ-05 పిన్ 1234 అని అందరికీ తెలుసు. ఈరోజే మార్చండి. బీఎల్‌ఈలో 'జస్ట్ వర్క్స్' పెయిరింగ్ (ఏ పిన్ అడగకుండా జతకలిసే పద్ధతి) మధ్యలో దూరేవాడిని ఆపలేదు. 2014లో వచ్చిన బ్లూటూత్ 4.2 నుంచి ఎల్‌ఈ సెక్యూర్ కనెక్షన్స్ ఉంది, దాన్ని ఆరు అంకెల పాస్‌కీతో వాడండి. పంపుకి ఇది చాలు. తాళానికో, గేటుకో వాడేట్టయితే బ్లూటూత్ గుప్తీకరణ ఒక్కదాన్నే నమ్మకండి. క్లాసిక్ బ్లూటూత్‌లో కీ బలాన్ని ఒక్క బైట్‌కి దించేయవచ్చని 2019లో పరిశోధకులు చూపించారు. బోర్డు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య పంపి, యాప్ రహస్య కీతో దానికి జవాబు లెక్కగట్టే పద్ధతి మీ కోడ్‌లోనే పెట్టుకోండి.

అమ్మే ఉద్దేశం ఉంటే ముందే సర్టిఫై అయిన మాడ్యూల్ తీసుకోండి. యాంటెన్నా మార్చారా, ఆ సర్టిఫికెట్ మీకు వర్తించదు. వివరాలు ఇక్కడ రాస్తే సమాధానం రెట్టింపవుతుంది.

కొత్త బోర్డు ఆర్డర్ చేసేముందు ఉన్నదాని మీదే ఒక పని చేయండి. ఆర్‌ఎక్స్ ట్రాక్ కోసి రెండు రెసిస్టర్లు టంకం వేయండి, మాడ్యూల్ పిన్ మీదే 10 మైక్రోఫారడ్ పెట్టండి, పంపు తీసేసి రిలేని ఆడించండి. తర్వాత పంపు తగిలించి మళ్లీ. స్కోప్ (వోల్టేజీని గీతగా చూపే పరికరం) ఉంటే మాడ్యూల్ వీసీసీ పిన్ మీద పెట్టి, 3.1 వోల్టుల కింద ట్రిగర్ అయ్యేలా వదలండి. రిలే పడ్డ క్షణం వచ్చిన బొమ్మ ఇక్కడ పెడితే మిగతాది దాన్నిబట్టి చెబుతాను. పంపు వోల్టేజీ ఎంతో అది కూడా రాయండి.